మొదటి రోజు ఏ నుడి పలకాలి?

(సోలాపూర్ అశోక్ చౌక్‌లో తెలుగు యువజనుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)



తక్కువ ఖర్చుతో ఒక చిన్న చిత్రం తీయాలని, దానిని ఈ అశోక్ చౌక్ సందుల్లోనే తీయాలని మీలో కొందరు తలపోస్తున్నారు. సంతోషం. కథను గురించి నేను చెప్పదగినదేమీ లేదు. అది మీ ఇళ్లలోనే ఉన్నది. చిత్రీకరణ మొదటి రోజును గురించి మాత్రం నాలుగు మాటలు మనవి చేస్తాను. ఆనాడు పాత్రల నోట వెలువడిన నుడే చివరిదాకా నిలుస్తుంది. మధ్యలో మార్చుకుందామంటే చేతిలో డబ్బుండదు.

1952 అక్టోబరులో సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’ చిత్రీకరణను బెంగాలులోని పాల్సిట్ దగ్గర ఒక రెల్లు పొలంలో మొదలుపెట్టారు. ఆయనకు అది తొలి చిత్రం. ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర 21 ఏళ్లవాడు. అంతకుముందు సినిమా కెమెరా నడిపినవాడు కాడు. బీమా పత్రం మీద తెచ్చిన అప్పే మొదటి పెట్టుబడి. అపు వేషం కట్టిన బాలుడు రెల్లులో అక్కను వెతుకుతూ నడవాలి. నడిచాడు గాని, కొయ్యబొమ్మలా నడిచాడు. రాయ్ ఆ పిల్లవానికి నటన నేర్పబోలేదు. దారిలో అక్కడక్కడ పుల్లలు వేయించారు. రెల్లు చాటున మనుషులను నిలిపి, ఒకరి తరువాత ఒకరు పిలిచేట్లు చేశారు. పుల్లలు దాటుతూ, పిలుపు వచ్చిన వైపు తల తిప్పుతూ పోయేసరికి ఆ వెతుకులాట దానంతట అదే వచ్చింది.

మనకు కావలసిన పాఠం ఇదే. బీడీలు చుట్టే అవ్వను కెమెరా ముందు కూర్చోబెట్టి, హైదరాబాదు సినిమాల తెలుగును అప్పజెప్పమంటే ఆమె కూడా కొయ్యబొమ్మే అవుతుంది. మనుమడు ఆలస్యంగా ఇల్లు చేరాడని చెప్పండి, కోపపడమనండి. నిజాం కాలంనాటి తెలంగాణ పల్లెల నుంచి ఆమె పెద్దలు మోసుకొచ్చిన తెలుగు, ఈ నేలమీద మరాఠీ కలుపుకొని, తప్పకుండా బయటికి వస్తుంది. ఆ కలుపును చూసి సిగ్గుపడి కోసివేయకండి. విశాఖలోని కంచరపాలెంలో వెంకటేశ్ మహా 2018లో విడుదలైన తన చిత్రాన్ని ఎక్కువగా ఆ పేటవారితోనే నటింపజేశారు. తెలుగువారు ఆ యాసను మెచ్చుకొనే విన్నారు గదా!

అంతదూరం ఎందుకు? ఈ సోలాపూర్ జిల్లా జేవూరులో వడ్డెర కుటుంబాన పుట్టిన నాగరాజ్ మంజుళే తీసిన లఘుచిత్రం ‘పిస్తుల్యా’ 2010 సంవత్సరపు జాతీయ పురస్కారాల్లో తొలి చిత్ర దర్శకునికిచ్చే బహుమతి పొందింది. ఆ చిత్రపు భాషలు మరాఠీ, తెలుగు. ఢిల్లీదాకా పోయిన ఆ తెలుగు ఏ పాఠ్యపుస్తకంలోదీ కాదు.

రాయ్ కథలో మిగిలిన భాగం కూడా వినండి. ఆ దృశ్యంలో సగమే మొదటి రోజున పూర్తయింది. కొద్ది రోజులకు తిరిగి వెళ్లేసరికి పశువులు రెల్లు పూలను మేసివేశాయి. మళ్లీ పూచేదాకా, అంటే మరుసటి ఏడాదిదాకా ఆగవలసి వచ్చింది. రెల్లు మళ్లీ పూచింది. ఇంటిలో తెలుగే మాట్లాడే మన పెద్దలు వచ్చే ఏడాదికీ ఇలాగే ఉంటారని ఎవరు పూచీ పడగలరు? అందుకే, పెద్దవారున్న దృశ్యాలను మొదటి రోజునే పెట్టుకోండి. పడుచువారి పాటలు తరువాత తీయవచ్చు.

ఇక చప్పుడు సంగతి. మన సాంచాలు ఆడుతున్నంతసేపు పక్కనున్నవాని మాటే వినపడదు. స్టూడియోలో మళ్లీ మాట చేర్పిద్దామంటే ఖర్చు ఒకటి, గొంతు మరొకరిది కావడం మరొకటి. యజమానిని ముందుగానే అడిగి, సాంచాలు ఆగే రోజు చూసుకొని మాటల దృశ్యాలు తీయండి. సాంచాల చప్పుడును వేరుగా పట్టుకొని, తరువాత తగినంత కలుపుకోవచ్చు.

తెలుగు లిపి రాని పిల్లలు మనలో చాలామంది ఉన్నారు. వారి మాటలను దేవనాగరిలో రాసి ఇవ్వండి. ఈ మాట కొందరు ఉద్యమ మిత్రులకు రుచించకపోవచ్చు. ప్రేక్షకుని చెవికి తెలుగు చేరడమే అక్కడ ముఖ్యం. తెరమీద పేర్లు మాత్రం తెలుగులోనూ మరాఠీలోనూ వేయండి.

మరొక చిన్న మాట. దృశ్యం ముగిసిందని కేక వేయగానే ధ్వనియంత్రాన్ని ఆపకండి. అంతవరకు బిగుసుకున్న అవ్వ అప్పుడే ఊపిరి పీల్చుకొని, పక్కవారితో తన మాట మొదలుపెడుతుంది.