ఫోను ఎవరి చేతనున్నది?

మహేంద్రతనయ యొడ్డున నున్న పాతపట్నము మాది. ముప్పది యేండ్లకు పైగా బడిపిల్లలకు పాఠములు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. నేను తప్పుగ వ్రాసిన లెక్క యొకటి నేడు మీకు విన్నవింపవచ్చితిని.

2020వ సంవత్సరమున కరోనా మహమ్మారిచే బడులు మూతపడెను. అప్పుడు మన రాష్ట్ర విద్యాశాఖవారు పిల్లలను మూడు వర్గములుగ వ్రాయుడనిరి: ఇంటర్నెట్టు అందువారు, రేడియోయో టెలివిజనో మాత్రమే గలవారు, ఏదియు లేనివారు. ఎవరికి ఏ దారిని పాఠమంపవలెనో దానినిబట్టి తెలియును. ఆలోచన మంచిది. నేనును ఇల్లిల్లు తిరిగితిని.

ఒక యింట "ఫోనున్నదా అమ్మా?" యని యడిగితిని. "ఉంది బాబూ" అనెను తల్లి. ఆమె కుమార్తెను మొదటి వర్గమున వ్రాసితిని. నెల గడచినను ఆ బాలిక జాడ లేదు. మరల పోయి చూడగా, ఫోను వేకువనే తండ్రి జేబులో కూలికి పోవును. దీపాలవేళకు వచ్చినచో అన్న చేత జిక్కును. పిల్ల తల్లివెంట ఊడ్పులకు పోవుచున్నది. తల్లి అబద్ధమాడలేదు. నేనే ఇంటిని గూర్చి యడిగితిని, పిల్లను గూర్చి యడుగనైతిని.

ఇది ఒక్క యింటి ముచ్చట కాదు. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, మన రాష్ట్రమున 15 మొదలు 49 యేండ్లవారిలో ఇంటర్నెట్టును ఎన్నడైనను వాడినవారు పురుషులలో నూటికి 49 మంది, స్త్రీలలో 21 మంది మాత్రమే. ఒకే కప్పు క్రింద నున్నవారే గదా! 2011 జనగణనమువలె ఇంటికొక ఫోనని లెక్కించిన ఈ యంతరము కానరాదు.

కొండవైపు సవరగూడెములలో చిక్కు వేరు. ఫోను చేతనున్నను సిగ్నలు అందవలెనన్న గట్టెక్కవలెను. అందినను పాఠము తెలుగున నుండును, పసివాని నోట సవర యుండును. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో నుండి సవరభాష నేర్చి, ఆ పిల్లలకు వారి భాషలోనే వాచకములు వ్రాసిరి. గ్రాంథికము వీడని నావంటివాడు వారి పేరెత్తుట మీకు నవ్వు పుట్టింపవచ్చును, కానిండు.

పిమ్మట జాబితా కొట్టివేసి మరల వ్రాసితిని. ఫోను ఎవరిది, పగటివేళ ఎక్కడ నుండును, ఇంటిలో సిగ్నలు అందునా, పిల్ల యే భాషలో మాటాడును? ఈ ప్రశ్నలను గుమ్మమున మగవారి నడుగక, చెరువుగట్టున ఆడవారి నడిగితిని. మొదటి వర్గపు పేర్లు చాలవరకు క్రిందికి జారెను. మీ యూర ఇట్టి జాబితా యున్నయెడల గ్రామసభలో పైకి చదివింపుడు. తప్పులు ఊరివారే దిద్దుదురు.

ఆ బాలికను మూడవ వర్గమున వ్రాసి, ఊడ్పులు ముగియువరకు వారమునకు రెండుమార్లు, ప్రొద్దుగుంకిన పిదప, వారి యరుగుమీద కూర్చుండి పాఠము చెప్పితిని.