ఎడారి అంచున ఢిల్లీ: తొలి నివాసులెవరు?



మే నెలలో ఢిల్లీని ఒక్కోసారి పట్టపగలే దుమ్ము కమ్మేస్తుంది. రాజస్థాన్ వైపు నుంచి వచ్చే ఈ గాలిదుమారాన్ని ఇక్కడివారు ఆంధీ అంటారు. నిజానికి ఢిల్లీ ఎడారి కాదు. ఏడాదికి సుమారు 750 మిల్లీమీటర్ల వాన పడుతుంది. కాని అందులో అధికభాగం మూడు నెలల్లోనే కురుస్తుంది. పడమట థార్ ఎడారి, తూర్పున యమున, నడుమ ఆరావళి కొండల చివరి కొన. ఈ కొండకూ నదికీ మధ్యనే మనుషులు స్థిరపడుతూ వచ్చారు.

వారెవరు? ఢిల్లీకి దక్షిణాన అనంగ్‌పూర్ వద్ద పాతరాతియుగపు చేతిగొడ్డళ్లు దొరికాయి. వాటిని చేసినవారి పనిముట్లే మిగిలాయి, పేర్లు మిగలలేదు. పేరుతో కనిపించే పాత నివాసుల్లో ఒకడు ఉద్ధరుడనే వర్తకుడు. 1276లో, బల్బన్ సుల్తాను కాలంలో, పాలం గ్రామంలో మెట్లబావి తవ్వించి సంస్కృతంలో శాసనం వేయించాడు. తోమరులు, చౌహానులు, ఆ తరువాత సుల్తానులు ఈ నేలను ఏలారని అందులో ఉంది. మరి ఉద్ధరుడిది ఢిల్లీయేనా? కాదు. వారి కుటుంబం ముల్తాను ప్రాంతపు ఉచ్ఛ పట్టణానిది! భూగర్భజలం చాలాచోట్ల ఉప్పగా ఉండే ఈ నైరుతి ప్రాంతంలో బావి తవ్వించడం ఎంత పుణ్యకార్యమో ఊహించండి.

ఇప్పుడు ఒక విచిత్రం. 2011 జనాభా లెక్కల్లో ఢిల్లీలో షెడ్యూల్డు తెగల సంఖ్య సున్నా. తెగలవారు లేకకాదు. ఢిల్లీకి సంబంధించి ఏ తెగనూ ప్రభుత్వ జాబితాలో చేర్చలేదు. జార్ఖండ్ నుంచి ఇళ్లలో పనికి వచ్చిన ఒరాన్, ముండా స్త్రీలంతా ఆ సున్నాలోనే ఉన్నారు.

మతాల సంగతికి వస్తే, 1941లో ఢిల్లీ జనాభాలో ముస్లింలు దాదాపు 33 శాతం. 1951కి ఆరు శాతం లోపే. ఆ రెండు అంకెల మధ్య 1947 ఉంది. లక్షలమంది ఇళ్లు వదిలి పాకిస్తాన్ వెళ్లారు. అంతకన్నా ఎక్కువమంది హిందువులు, సిక్కులు పశ్చిమ పంజాబు, సింధు నుంచి వచ్చి శిబిరాల్లో తలదాచుకున్నారు. లాజ్‌పత్‌నగర్, రాజేంద్రనగర్ వారి కోసం వేసిన కాలనీలే.

2011లో హిందువులు సుమారు 81.7 శాతం, ముస్లింలు 12.9, సిక్కులు 3.4. జైనులు, క్రైస్తవులు ఒక్కొక్క శాతానికి కాస్త తక్కువ. శాతాలను చదివేటప్పుడు జాగ్రత్త సుమా! 2001లో సిక్కులు 4 శాతం ఉండేవారు. వాటా తగ్గింది గాని, వారి సంఖ్య 5.55 లక్షల నుంచి 5.70 లక్షలకు పెరిగింది. ఆ పదేళ్లలో ఢిల్లీ మొత్తం జనాభా 1.38 కోట్ల నుంచి 1.68 కోట్లకు చేరింది. కాగితం మీద లెక్క వేసి చూడండి.