పలుచని యల్లికయు దాని వెలయు



శీతకాలము వచ్చినచో మన పట్టణములలో టిబెట్టు వర్తకులు ఉన్ని దుస్తుల యంగళ్లు పెట్టుదురు. అచట కొనువారిని కొంతసేపు నిలిచి చూచినచో ఒక వింత కానవచ్చును. ప్రతివారును స్వెటరును చేతబట్టి యెత్తి చూతురు. బరువుగా నున్నచో "గట్టి సరకు" అని సంతసింతురు. తేలికగా నున్నచో పెదవి విఱిచి ప్రక్కన బెట్టుదురు. ధాన్యమును, బెల్లమును, ఇత్తడిని తూచి కొను చేతులు గనుక ఉన్నినిగూడ తూచి చూచుట సహజమే. కాని యల్లిక విషయమున నీ తూకము మనలను మోసగించును. బరువైన వస్త్రమే వెచ్చనిదనుట నిజము కాదు. బరువైన వస్త్రమునకే పని యెక్కువ పట్టుననుట యంతకంటె నిజము కాదు.

వెచ్చదనము సంగతి ముందు చెప్పెదను. ఉన్ని తనంతట వేడిని పుట్టింపదు. వెండ్రుకల నడుమ చిక్కుకొని కదలక యుండు గాలియే మన యొడలి వేడిని బయటకు పోనీయక నిలుపును. దూదేకులవారి పని మీరందఱెఱిగినదే. ఏండ్ల తరబడి పండుకొనగా నణగిపోయిన పరుపు చలి నాపదు. ఆ దూదినే ఏకి మరల నింపినచో, వీసమంతయైనను బరువు పెరుగకయే, వెచ్చనగును. పెరిగినది లోపలి గాలి. మన కురుమలు నేయు గొంగళి వాన నాపును, నేలపై పఱచుకొన బనికివచ్చును. గొఱ్ఱెల కాపరికి దానిని మించినది లేదు. కాని డెబ్బదియేండ్ల వృద్ధుడు వేకువజామున దానిని భుజములపై మోయుచు పొలముగట్టునకు పోవుట కష్టము. ఆయనకు కావలసినవి తేలికయై ముందు తెఱచుకొను ఉన్ని చొక్కాయొకటి, మెడకు పలుచని మఫ్లరొకటి. గాలి విసరునపుడు మాత్రము వదులైన యల్లిక యొక్కటియే చాలదు. దానిపై నుత్తరీయమైనను కప్పుకొనవలెను.

ముందు తెఱచుకొను ఆ చొక్కాకు కార్డిగను అని పేరు. 1854 అక్టోబరు 25న క్రిమియాలోని బలక్లావా యుద్ధమున గుఱ్ఱపుదళమును నడిపిన కార్డిగను ప్రభువు పేరది. చేతులు తలపైకెత్తి దూర్చుకొన నక్కఱలేదు గనుక భుజములు పట్టుకొనిపోయిన పెద్దలకు దానికంటె అనుకూలమైన దుస్తు లేదని నా యభిప్రాయము.

మగ్గముపై పడుగున్నది, పేకయున్నది. అల్లికలో నున్నది ఒక్కటే దారము. దానిని రెండు సూదులమీద ఉచ్చువలె తీసి, ఆ యుచ్చులోనుండి మఱియొక యుచ్చును లాగుచు పోవుటయే పని. ఒక్కొక్క యుచ్చును కుట్టు అందుము. సూదులు దొరకనిచోట సైకిలు చక్రపు పుల్లలను కొన నూఱి వాడుకొనువారు కలరు. నేనును వానితోనే నేర్చితిని.

ఇప్పుడు లెక్క చూతము. నాలుగంగుళముల చదరపు ముక్కను లావు నూలుతో నల్లినచో, వరుసకు 16 కుట్లు, 22 వరుసలు పట్టిననుకొందము. మొత్తము 352 కుట్లు. ఆ నూలులో సగము లావుగల నూలుతో నదే ముక్కను అల్లినచో వరుసకు 32, వరుసలు 44, మొత్తము 1408. అనగా పని నాలుగింతలు. కాని ఒక్కొక్క కుట్టునకు పట్టు దారము పొడవు సగమగును గనుక, మొత్తము దారము రెట్టింపే. ఆ దారము లావు సగమైనందున బారెడు దారము బరువు నాలుగవవంతు. కావున ముక్క బరువు, స్థూలముగా, సగమునకు దిగును. బరువు సగము, పని నాలుగింతలు. అంగడిలో చేతితో తూచి చూచువాడు తక్కువ పనికి ఎక్కువ వెల యిచ్చి వచ్చుచున్నాడన్నమాట.

ఈ తేలికదనమును కడకొనవఱకు తీసికొనిపోయినవారు షెట్లాండు ద్వీపముల స్త్రీలు. ఇవి స్కాట్లండునకు ఉత్తరమున సముద్రమధ్యమున నున్నవి. వానిలో జనులు నివసించు ద్వీపములలో ఉత్తరపుకొనన నున్నది అన్‌స్టు. అచటి గొఱ్ఱెలు చిన్నవి. వేసవి మొదట వాని ఉన్ని తనంతట వదులగును. అప్పుడు కత్తెర పెట్టక చేతులతోనే మెల్లగా పెఱికి తీయుదురు. మెడవద్ద ఉన్ని మిక్కిలి మెత్తనిది. దానిని వేఱుగా నేఱి, రాట్నముపై సాలెపట్టువంటి నూలు తీసెడివారు. గొంగళిలో కూర్చుండి వెండ్రుక లేఱుట యని మనము పరిహసింతుము, వారికదియే జీవనము. ఆఱడుగుల చదరపు శాలువ పెండ్లియుంగరములో దూరి యావలకు వచ్చును గనుక ఉంగరపు శాలువ యని దానికి పేరు. ఆ ద్వీపములందే పుట్టి ఓడల వర్తకమున ప్రసిద్ధికెక్కిన ఆర్థర్ ఆండర్సన్ 1837లో విక్టోరియా రాణికి అచటి మేజోళ్లను కానుకగా నిచ్చెను. పిమ్మట ఘనుల యిండ్లలో షెట్లాండు అల్లికకు మోజు హెచ్చినది.

వారి నమూనాలలో ఓల్డ్ షేల్ అనునదొకటి సుళువైనది, అందమైనది. సముద్రపుటలలు ఇసుకపై విడిచిన గీతలవలె నుండును. మీ యింటి ఆడపిల్లలకు పనికివచ్చును గనుక వివరించెదను. ఇది 18 కుట్ల లెక్క, నాలుగు వరుసల తిప్పట. మూడు వరుసలు సాదా; ఒక్క వరుసలోనే పనితనము. ఆ వరుసలో మొదట రెండేసి కుట్లను కలిపి యొకటిగా, ఇట్లు మూడుమారులు. తరువాత ఆఱు కుట్లు. ప్రతి కుట్టునకు ముందు సూదిపై దారమును ఊరక యొకచుట్టు వేయవలెను. మరల మూడుమారులు రెండేసి కలుపవలెను. కలిపినందున ఆఱు కుట్లు తగ్గినవి, చుట్టినందున ఆఱు పెరిగినవి. 18 పదునెనిమిదిగనే నిలిచినవి. చుట్టినచోట రంధ్రము, కలిపినచోట ఒత్తు; ఒకటి పొంగును, ఒకటి కుదించుకొనును; అందువలననే యల. వరుసకడన లెక్క తప్పినచో అచటనే ఆగి విప్పవలెను, ముందునకు పోరాదు.

ఇట్టి కుట్లు 72, అనగా నాలుగు తిప్పటలు, అంచులకు మూడేసి చొప్పున మఱి 6, మొత్తము 78 వేసినచో మఫ్లరునకు సరిపోవును. అంగుళమునకు 6 కుట్లు వచ్చు నూలైనచో వెడల్పు 13 అంగుళములు.

కార్డిగనునకు మాత్రము ఊహపై కుట్లు వేయరాదు. ముందుగా జానెడు ముక్క అల్లి, తడిపి, ఆఱబెట్టి, ఆ పిమ్మట అంగుళమునకు ఎన్ని కుట్లో లెక్కింపవలెను. తడిపిన తరువాత ఉన్ని కొలత మాఱును. ఛాతి 36 అంగుళములైనచో వదులు 3 కలిపి 39. వెనుకభాగమునకు పందొమ్మిదిన్నర అంగుళములు. 6 చొప్పున 117 కుట్లు. ముందుభాగములు రెండును ఒకదానిపై నొకటి అంగుళము కప్పుకొనవలెను గనుక, సగమునకు మూడు కుట్లు చేర్చి, ఒక్కొక్కదానికి 62. ఆఱని తలచినది నిజమునకు ఐదున్నరయైనచో చుట్టుకొలత మూడంగుళములు మించి పెరుగును. తాతకు కుట్టిన చొక్కా బస్తావలె వ్రేలాడును. ఉదికిన పిమ్మట పిండరాదు, దండెముపై వేయరాదు. తువ్వాలులో నొత్తి, చాపపై పఱచి యాఱవేయవలెను. నీటి బరువునకు పలుచని యల్లిక సాగిపోవును.

ఇక వెల. షెట్లాండులో నల్లినవారికి చిరకాలము నాణెము దక్కలేదు. శాలువ తీసికొని వర్తకుడు టీ ఆకును, బట్టను ఇచ్చెడివాడు; తిండిగింజలు కావలసిన స్త్రీ ఆ బట్టనే మరల అమ్ముకొనవలసి వచ్చెడిది. ప్రభుత్వము విచారణ జరుపగా, ఈ సంగతులన్నియు 1872లోని నివేదికలో స్త్రీల వాఙ్మూలములతో నచ్చైనవి. ఇంట నల్లిన ఉన్ని వస్తువులకు డబ్బే యియ్యవలెనను నిబంధన 1887 చట్టములో చేరినది.

దూరపు కథ యనుకొనవలదు. మన నరసాపురము ప్రాంతమున స్త్రీలు కొక్కెపు సూదితో నూలు లేసు అల్లుదురు. అది వేఱు విద్యయైనను కన్నులకు, వ్రేళ్లకు శ్రమ యొకటే. మేరియా మీస్ అను పండితురాలు వారి జీవనమును పరిశీలించి 1982లో గ్రంథము ప్రకటించినది. విదేశములకు పోవు సరకును చేయుచున్నను, ఇంట కూర్చుండి చేయుదురు గనుక దానిని పనిగా నెంచక తీరిక వేళల కాలక్షేపముగా నెంచుచున్నారనియు, కూలి యందువలననే చిక్కిపోవుచున్నదనియు ఆమె చూపినది. ఆ తీరికయని పేరుపెట్టినవారిలో ఇంటి మగవారమైన మనమును ఉన్నాము.

కనుక మీ కోడలో, మనుమరాలో మఫ్లరల్లి సంతకు పంపునపుడు తూకమును విడిచి కుట్లు లెక్కింపుడు. పైన జెప్పిన మఫ్లరు 60 అంగుళముల పొడవైనచో, అంగుళమునకు 8 వరుసల చొప్పున 480 వరుసలు. వరుసకు 78 కుట్లు; మొత్తము 37,440. చేయి తిరిగిన మనిషి నిమిషమునకు 30 కుట్లు వేసినను 1,248 నిమిషములు, అనగా ఇరువది గంటలకు పైగా పట్టును. మీ యూర ఇరువది గంటల కూలి యెంతయో మీకు తెలియును. దానికి నూలు వెల చేర్చి, ఆ మొత్తమును వర్తకునితో బేరము మొదలుపెట్టకమునుపే కాగితముపై వ్రాసి యుంచుకొనుడు.