పైకప్పు మీది విరూపణ్ణ
(పలమనేరులో జరిగిన మన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మొన్న మనం లేపాక్షి పోయినప్పుడు అందరూ వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూస్తుంటే, నేను మెడ నొప్పి పుట్టేదాకా పైకప్పు చూస్తూ నిలబడ్డాను. ఏం చూశారో చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. నేను చిత్రకారుణ్ణి కాను. ఖజానా లెక్కలు రాసిన గుమాస్తాను.

అచ్యుతదేవరాయల కాలం (1529–1542) నాటి బొమ్మలవి. ఒకచోట శివపార్వతులు తీరుబడిగా పాచికలాడుతుంటారు. ఇంకొకచోట గుడి కట్టించిన విరూపణ్ణ, సోదరుడు వీరణ్ణ పొడుగాటి కుళ్లాయిలతో, పరివారంతో, పూజారి చేత ప్రసాదం అందుకొంటుంటారు. ఆ దర్జా చూడవలసిందే.

విరూపణ్ణ పెనుకొండలో రాయల కోశాధికారి. అనుమతి లేకుండా ఖజానా సొమ్ము గుడికి వాడాడని నేరం మోపితే, తన కళ్లు తానే పెరికి గోడకు కొట్టాడని కథ. గోడ మీది ఎర్రమరకలు ఇప్పటికీ చూపిస్తారు. అది విన్నాక మా ఆవిడ బొమ్మ చూసి, "ఆ కళ్లల్లో అప్పుడే దిగులుంది చూడండి" అంది. నాకూ అట్లే తోచింది. మళ్లీ చూస్తే, పక్కనున్న పరివారానికీ అవే పెద్ద కళ్లు!

1984లో మా ఆఫీసులో గ్రూపు ఫోటో దిగాం. మూడు నెలలకు ఆడిట్ అభ్యంతరం వచ్చింది. ఒక వోచరు కనబడలేదని నా ఇంక్రిమెంటు ఆపారు. రెండేళ్లకు అది వేరే ఫైల్లో దొరికింది. ఈలోగా ఆ ఫోటో చూసినవారంతా "భయం ముఖంలోనే ఉంది" అన్నారు. నిజానికి ఆ రోజు నన్ను బాధపెట్టింది కొత్త చెప్పు ఒక్కటే.

కాబట్టి కథను పక్కనపెట్టి బొమ్మనే చూడాలి. అంత గుడి కట్టించి ఇచ్చిన మనిషిని చిత్రకారుడు చేయి చాచి పుచ్చుకొనేవాడిగా గీశాడు. దూడ ప్రాణానికి కన్నకొడుకునే శిక్షించిన మనునీతి చోళుని కథ కూడా ఆ కప్పు మీదే ఉంది. ఆ కథ గీయించినవాడు లెక్కకు భయపడతాడా? ఇది మాత్రం నా ఊహే. బొమ్మలో ఉన్నది ఒకటి, మనం చేర్చేది ఒకటి. రెండింటినీ ఒకే పద్దులో రాయకూడదు.

చివరగా ఒక మనవి. మీ ఇళ్లలోని పాత ఫోటోల వెనుక తేదీ, పేర్లు, ఆనాటి సంగతి రాసిపెట్టండి. లేకుంటే రేపు మనవలు మన ముఖాల్లో లేని దిగులు చదువుతారు.

సెలవు.