పాలు కక్కే బిడ్డ – ఇంటిల్లిపాదికీ కొన్ని మాటలు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో చదువుల గురించీ, స్కాలర్‌షిప్పుల గురించీ మాట్లాడడం మాకు అలవాటు. ఈసారి కార్యదర్శిగారు "బడికి వచ్చే పిల్లల సంగతి ఎప్పుడూ చెబుతారు, ఒడిలో వున్న పిల్లల సంగతి ఒకసారి చెప్పండి మాస్టారూ" అన్నారు. మేము ఉర్దూ మీడియంలో పాఠాలు చెప్పుకొనేవారమే గాని డాక్టర్లము కాము. అయినా డబ్బా మీది అక్షరాలు చదివి పెట్టమనీ, డాక్టరు చీటీలో ఏముందో చెప్పమనీ మా గడపకు వచ్చే తల్లులు చాలామంది. వారు అడిగే ప్రశ్న తరచుగా ఒక్కటే: "పాలు పట్టగానే కక్కేస్తున్నాడు మాస్టర్ సాబ్, ఏం చెయ్యాలి?" డాక్టర్లు చెప్పగా విన్నదీ, చదివి తెలుసుకొన్నదీ కలిపి ఈ రోజు మీ ముందు పెడుతున్నాము.

మొదటగా ఒక మాట. తల్లిపాలకు సాటి లేదు. కానీ తల్లికి జబ్బు చేసినా, పాలు చాలకపోయినా, తల్లే లేకపోయినా పోతపాలు తప్పవు. అటువంటి ఇంట్లో బాలింతను దెప్పిపొడిస్తే బిడ్డకు ఒక్క చుక్క పాలు పెరగవు. కనుక ఆ చర్చ ఇక్కడితో వదిలిపెడదాము.

బిడ్డ ఎందుకు కక్కుతాడు? గొంతు నుంచి కడుపులోకి దిగే గొట్టం చివర ఒక కండరపు కట్టు వుంటుంది. పెద్దవాళ్ళలో అది సంచి మూతికి కట్టిన తాడులాగా బిగిసి వుంటుంది. పసివాళ్ళలో ఇంకా వదులు. పైగా వాళ్ళ ఆహారమంతా పాలే, రోజంతా పడుకొనే వుంటారు. నిండిన చెంబును పక్కకు వంచితే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. 1997లో అమెరికాలో ప్రచురించిన ఒక పరిశీలన ప్రకారం మూడు నెలల లోపు పిల్లల్లో సగం మంది రోజుకు ఒక్కసారైనా కక్కుతారు. నాలుగో నెలలో ఇది అన్నిటికన్నా ఎక్కువ. 10–12 నెలలు వచ్చేసరికి నూటికి అయిదుగురిలోనే మిగులుతుంది. బిడ్డ కూర్చోవడం, నిలబడడం నేర్చేకొద్దీ తగ్గుతూ పోతుంది.

అయితే ఇంట్లో భయం తగ్గదు. "తాగిందంతా బయటికే వచ్చింది" అంటారు. ఒక పెద్ద చెంచాడు పాలు, అంటే 15 మిల్లీలీటర్లు, పాత రుమాలు మీద పోసి చూడండి. రుమాలు ఎంతమేర తడిసిపోతుందో! చూపుకు చాలా, లెక్కకు కొంచెమే.

ఈ భయంలో మనం చేసే పనులే బిడ్డకు చేటు తెస్తున్నవి. వారానికి ఒక డబ్బా మారుస్తాము. సీసాలో బియ్యప్పిండో, బిస్కెట్టో కలుపుతాము. ఘుట్టీ అని తేనె నాకిస్తాము. ఏడాది లోపు బిడ్డకు తేనె పెట్టరాదు. దానిలో వుండగల ఒక సూక్ష్మజీవి పసిపేగులలో విషాన్ని పుట్టిస్తుంది. అన్నిటికన్నా ప్రమాదమైనది, "పాలు చిక్కనై అరగడం లేదు" అని నీళ్ళు ఎక్కువ పోసి పలుచన చేయడం.

మేమెరిగిన ఒక ఇంట్లో ఇదే జరిగింది. బిడ్డ కక్కుతున్నాడని మూడు స్కూపులు వేయవలసిన చోట రెండే వేయమని చుట్టపక్కాలు చెప్పారు. డబ్బా నాలుగు రోజులు ఎక్కువ వస్తుంది గదా అని ఇంటాయన కూడా ఊరుకొన్నాడు. కక్కు కొంత తగ్గినట్టే కనిపించింది. కానీ అంగన్‌వాడీలో తూస్తే నెల రోజుల్లో బరువు కదలలేదు. మూడింటికి రెండు వేస్తే బిడ్డ తిండిలో మూడో వంతు కోసేసినట్టే గదా! బిడ్డ నెమ్మదిగా వున్నాడనుకొన్నారు, నిజానికి నీరసించి పడుకొన్నాడు. డాక్టరు చూసి పాలు సరిగ్గా కలపమన్నారు. తర్వాత బరువు పెరిగింది. కక్కు మాత్రం నడక వచ్చేదాకా పూర్తిగా పోలేదు. కక్కుతూనే పెరిగాడు. మా మాటల సారాంశమంతా ఇదే: మనం చూడవలసింది గుడ్డ మీది మరకను కాదు, తక్కెడ మీది ముల్లును.

ఇక పద్ధతి చెబుతాము.

కలపడం: చేతులు సబ్బుతో కడుక్కోవాలి. సీసా, రబ్బరు పీక కడిగి, నీళ్ళలో మరిగించాలి. పాలపొడి డబ్బాలో వున్నా సూక్ష్మజీవులు బొత్తిగా లేనిది కాదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పిన పద్ధతి ఏమంటే, నీళ్ళు మరగకాచి, అరగంట దాటకముందే, 70 డిగ్రీలకు తగ్గని వేడిలో పొడి కలపాలి. ముందు నీళ్ళు, తర్వాత పొడి. ఆ డబ్బాలోని స్కూపుతోనే, కత్తి వీపుతో సమంగా గీసి, డబ్బా మీద వ్రాసిన లెక్క ప్రకారమే వేయాలి. చల్లార్చి, మణికట్టు లోపలి వైపు చుక్క వేసి చూసి పట్టాలి. కలిపిన పాలు రెండు గంటలు దాటితే పారబోయాలి. బిడ్డ ఎంగిలి చేసి మిగిల్చినవి దాచకూడదు.

కొలత: మొదటి నెలల్లో కిలో బరువుకు రోజుకు సుమారు 150 మిల్లీలీటర్లు అని లెక్క. నాలుగు కిలోల బిడ్డకు 600. ఎనిమిది సార్లు పడితే ఒక్కోసారి 75. అదే బిడ్డకు ఏడ్చినప్పుడల్లా 120 పోస్తే కక్కక ఏం చేస్తాడు? ఏడ్చిన ప్రతిసారీ ఆకలి కాదు. మొహం తిప్పుకొంటే చాలునని అర్థం.

పట్టడం: తల ఎత్తుగా వుండేటట్టు ఒడిలో పెట్టుకోవాలి. పీక నిండా పాలు వుండేటట్టు సీసా వంచితే గాలి మింగడు. సీసా తలక్రిందులు చేస్తే పాలు చుక్కలుగా పడాలి. ధారగా పడితే పీక రంధ్రం పెద్దదైనట్టు. సగం తాగాక ఒకసారి, అయ్యాక ఒకసారి భుజాన వేసుకొని త్రేన్పు తెప్పించాలి. తర్వాత 20–30 నిమిషాలు నిటారుగా ఎత్తుకోవాలి. కడుపు మీద లంగోటా బిగించకూడదు. తాగిన వెంటనే ఎగరేసి ఆడించకూడదు. బిడ్డ వున్న గదిలో బీడీ, సిగరెట్టు కాల్చకూడదు.

పడుకోబెట్టడం: కక్కే బిడ్డను బోర్లానో పక్కకో పడుకోబెట్టాలని మన పెద్దలు అంటారు. వెల్లకిల వుంటే కక్కు గొంతుకు అడ్డం పడుతుందని వారి భయం. కానీ వెల్లకిల పడుకొన్నప్పుడు ఊపిరిగొట్టం పైన, అన్నం గొట్టం కింద వుంటుంది. వచ్చిన పాలు పైకెక్కి ఊపిరిగొట్టంలో పడడం కష్టం. బోర్లా పడుకొన్న పసివాళ్ళలోనే నిద్రలో హఠాత్తుగా చనిపోవడం ఎక్కువని తేలడంతో 1994లో అమెరికాలో వెల్లకిల పడుకోబెట్టండని పెద్ద ప్రచారమే నడిపారు. కక్కే బిడ్డకూ ఇదే నియమం. దిండు వద్దు, చదునైన పక్క చాలు.

ఎప్పుడు ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి? ఆకుపచ్చ రంగు వాంతి, నెత్తురు లేక కాఫీ పొడి వంటి వాంతి, రెండు వారాల నుంచి రెండు నెలల వయసులో ప్రతిసారీ చిమ్మినట్టు దూరంగా పడే వాంతి, ఉబ్బిన కడుపు, మలంలో నెత్తురు, జ్వరం, ఉబ్బిన లేదా లోపలికి పోయిన మాడు, మూత్రం బాగా తగ్గడం, పాలు ముట్టకపోవడం, లేపినా లేవని మగత. వీటిలో ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగవద్దు. నజర్ తగిలిందని మిరపకాయలు తిప్పుతూ కూర్చోవద్దు. బరువు పెరగకపోయినా, ఆరు నెలల తర్వాత కొత్తగా కక్కు మొదలైనా డాక్టరుకు చూపించాలి. కొందరికి పాలు పడకపోవడమే కారణం కావచ్చు. డబ్బా మార్చాలన్నా, పాలు చిక్కన చేయాలన్నా ఆయన మాట మీదనే చేయాలి.

సోదరులారా, మనకూ పని వున్నది. రాత్రి రెండింటికి పాలు పట్టిన తర్వాత అరగంట బిడ్డను భుజాన వేసుకోవడానికి తండ్రి భుజం పనికిరాదా? నానీమాలూ దాదీమాలూ "నీ చెయ్యి మంచిది కాదు" అనే మాట మాని ఆ తడిగుడ్డలు నాలుగు ఉతికి ఆరేస్తే ఆ తల్లి ఒక గంట కునుకు తీస్తుంది.

సంఘానికి మా విన్నపాలు రెండు. మన ఆఫీసులో పసిబిడ్డలను తూచే యంత్రం ఒకటి కొని పెట్టండి. డబ్బా మీది చిన్న అక్షరాలు చదవలేని ఇళ్ళు మనలో చాలా వున్నవి. పాలు కలిపే పద్ధతిని పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద వేయించి ఇంటింటికీ ఇవ్వండి. డాక్టరుగారితో సరిచూపించి, ఉర్దూ ప్రతిని, తెలుగు ప్రతిని కూడా మేమే వ్రాసి ఇస్తాము. అది చదివి వినిపించే పని మన బడిపిల్లలు చేస్తారు.