బండిలోని కరెంటు, ఇంటి మీటరు
(సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాదినాడు పంచాంగ శ్రవణం చేసి ఆదాయ వ్యయాలు తెలుసుకోవటం మన ఆచారం. రాశుల ఆదాయ వ్యయాలు సిద్ధాంతిగారు ఇంతకుముందే చెప్పినారు. మేము చెప్పదలచినవి బ్యాటరీల ఆదాయ వ్యయాలు.

ఈ విషయం ఇక్కడ ఎందుకంటే, దీనికి ఇంతకంటె తగిన చోటు లేదు. హోసూరులో టి.వి.యస్. వారు, ఏథర్ వారు కరెంటు స్కూటర్లు తయారుచేస్తున్నారు. పోచంపల్లిలో ఓలా వారి కర్మాగారం 2021లో వెలసింది. చీరల పోచంపల్లి గాదు, మన కృష్ణగిరి జిల్లా పోచంపల్లి! మన కుటుంబాల పిల్లలెందరో ఈ కర్మాగారాలను నమ్ముకొనే ఇక్కడికి వచ్చినారు. బండి లోపలి సంగతి వారికి మాకంటె బాగా తెలుసు. మేము రైల్వేలో గుమాస్తా పని చేసేవారము, పద్దు వ్రాయటం మా వృత్తి. కనుక పద్దు వరకే చెప్పుతాము.

మమ్ము తరచుగా అడిగే ప్రశ్నలు రెండు. ఎంత పెద్ద బ్యాటరీ ఉన్న బండి కొనవలెను? బండిలోని కరెంటును తిరిగి లైనుకు అమ్ముకోవచ్చునట, నిజమేనా?

మొదట కొలత తెలుసుకొందాము. బ్యాటరీ పరిమాణాన్ని కిలోవాట్ అవర్లలో చెప్పుతారు. భయపడనక్కరలేదు, మన కరెంటు బిల్లులోని యూనిట్ అదే. 2020 జనవరిలో వచ్చిన టి.వి.యస్. ఐక్యూబ్ స్కూటరు బ్యాటరీ రెండుంపావు యూనిట్లు. 2024లో అదే బండి 2.2, 3.4, 5.1 యూనిట్ల బ్యాటరీలతో మూడు విధాలుగా వచ్చింది. కార్లలో టాటా వారి నెక్సాన్ 2020లో 30.2 యూనిట్లతో వచ్చింది. 2022లో వచ్చిన టియాగో 19.2 లేక 24 యూనిట్లది. అమెరికాలో హమ్మర్ అనే కరెంటు బండి ఉన్నది. దాని బ్యాటరీ రెండువందల యూనిట్లు దాటుతుంది, బ్యాటరీ ఒక్కటే 1,300 కిలోలు. మన వీధిలో తిరిగే చిన్న పెట్రోలు కారు మొత్తం బరువు అంత ఉండదు.

మరి రైలుపెట్టె సంగతి? సొంతంగా కరెంటు పుట్టించుకొనే పాతరకం ఏ.సి. పెట్టె క్రింద 110 వోల్టుల, 1,100 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఉంటుంది. గుణిస్తే 121 యూనిట్లు. అది సీసపు బ్యాటరీ. ఒక యూనిట్ దాచుటకు పాతిక, ముప్పై కిలోల సీసపు బ్యాటరీ కావలె. రైలుపెట్టెకు ఆ బరువు లెక్కలోనిది గాదు. స్కూటరు మోయగలదా? బెంగుళూరులో 2001లో వచ్చిన రేవా అనే చిన్న కారుకు ఎనిమిది సీసపు బ్యాటరీలు పెట్టినారు. బండి బరువులో పెద్ద భాగం వాటిదే. లిథియం వచ్చిన తరువాత యూనిట్‌కు ఏడెనిమిది కిలోలతో సరిపోతున్నది. అందువల్లనే స్కూటరు సాధ్యమైనది.

బరువు వల్ల నష్టమెంతో మన దారి మీదనే లెక్క కట్టుదాము. హోసూరు పీఠభూమి మీద ఉన్నది, కృష్ణగిరి అంతకు 300 మీటర్లకు మించి దిగువన ఉన్నది. కృష్ణగిరి నుండి శూలగిరి మీదుగా ఎక్కి వచ్చేటప్పుడు, ఆ 300 మీటర్ల ఎత్తుకు మాత్రమే, ఇద్దరు కూర్చున్న స్కూటరుకు సుమారు 0.2 యూనిట్ ఖర్చు. మనుషులతో 1,800 కిలోలు తూగే కారుకు ఒకటిన్నర యూనిట్. ఇది గాక చదునైన దారి ఖర్చు వేరు. దిగేటప్పుడు మోటారు జనరేటరుగా మారి ఇందులో కొంత తిరిగి బ్యాటరీకి చేర్చుతుంది, అంతా చేర్చదు.

కాబట్టి అక్కరలేని వంద కిలోల బ్యాటరీని మోయించుకొంటే ఒక్కసారి ఎక్కుటకు నష్టం స్వల్పమే. కాని దానికి వెల ముందే చెల్లించినాము, అప్పు చేస్తే వడ్డీ కూడా చెల్లిస్తున్నాము. హోసూరు నుండి బెంగుళూరు ఎలక్ట్రానిక్ సిటీకి రోజూ పోయి వచ్చేవారికి దారి నలభై కిలోమీటర్లు. స్కూటరు యూనిట్‌కు ముప్పై కిలోమీటర్లు పోతుందనుకొంటే ఒకటిన్నర యూనిట్ కూడా కాదు. వారికి మూడు యూనిట్ల బ్యాటరీ ధారాళం. ఏడాదికి నాలుగుసార్లు ఊరికి పోయే దూరం చూచి రోజూ మోసే బ్యాటరీని నిర్ణయించుకోవద్దని మా మనవి. ఆ నాలుగుసార్లకు రైలు ఉన్నది, బస్సు ఉన్నది.

ఇక రెండవ ప్రశ్న. కరెంటు తిరిగి ఇవ్వటం కొత్త వింత గాదు. కుప్పం నుండి జోలారుపేటకు దిగే బండికి త్రీఫేజ్ ఇంజను తగిలించి ఉంటే, డ్రైవరు బ్రేకు వేసినప్పుడు మోటార్లే కరెంటు పుట్టించి పైనున్న తీగకు పంపుతాయి. ఎదురుగా ఎక్కే బండి దానిని వాడుకొంటుంది. ఇది సాగుటకు మూడు కారణాలు. ఇంజనును అందుకు తగినట్లు కట్టినారు. కరెంటు పుచ్చుకొనేవాడు తీగకు అవతల ఉన్నాడు. ఇచ్చినదానికి పద్దు ఉన్నది.

మన బండ్లకు ఈ మూడూ ఉన్నవా అని చూడవలె. బ్యాటరీ నుండి బయటికి కరెంటు ఇచ్చే ఏర్పాటు తయారుచేసినవారు పెడితేనే ఉంటుంది. 2011 భూకంపం తరువాత జపానులో నిస్సాన్ వారు లీఫ్ అనే కారు నుండి ఇంటికి కరెంటు ఇచ్చే పరికరాన్ని 2012లో అమ్మినారు. ఆ 24 యూనిట్లతో ఒక ఇల్లు రెండు రోజులు గడుస్తుందని చెప్పినారు. మన దేశంలో 2023లో మార్చి విడుదల చేసిన నెక్సాన్‌లో బయటి సామాను తగిలించి నడుపుకొనే ఏర్పాటు పెట్టినారు. అది బండి నుండి సామానుకు మాత్రమే, లైనుకు గాదు.

లైనుకే ఇచ్చిన ఉదాహరణ ఆస్ట్రేలియాలో ఉన్నది. అక్కడి జాతీయ విశ్వవిద్యాలయం వారు కాన్‌బెర్రాలో 51 కార్లతో ప్రయోగం చేసినారు. 2024 ఫిబ్రవరి 13న గాలివాన వల్ల విక్టోరియా రాష్ట్రంలో పెద్ద లైన్లు కూలినవి. ఆ సమయానికి ప్లగ్గుకు తగిలించి ఉన్న 16 కార్లు క్షణాలలో తిరగబడి 107 కిలోవాట్లు గ్రిడ్‌కు అందించినవి. దేశానికి అది చిటికెడే. కాని పదహారు చోట పదహారువేలు ఉంటే ఎంత అవుతుందో మీరే ఊహించండి.

అయితే రోజూ అమ్ముకొంటే లాభమా? కేంద్ర ప్రభుత్వం 2023లో నియమాలు సవరించి, ఎండ ఉన్న వేళలలో కరెంటు ధర కనీసం నూటికి ఇరవై తగ్గవలెనని, గిరాకీ వేళలో ఇళ్ళవారికి కనీసం నూటికి పది హెచ్చవలెనని చెప్పినది. లెక్కకొరకు మామూలు ధర ఎనిమిది రూపాయలనుకొందాము. పగలు పది యూనిట్లు రూ. 64లకు నింపినాము. పోను రాను నష్టం తీసివేస్తే సాయంత్రం ఎనిమిది యూనిట్లు చేతికి వస్తవి. గిరాకీ ధరకే కొన్నారనుకొన్నా రూ. 70.40. మిగిలినది ఆరు రూపాయల నలభై పైసలు. యూనిట్ బ్యాటరీ వెల పదివేలని, రెండువేలసార్లు నింపి ఖాళీ చేయవచ్చునని అనుకొంటే, వాడిన యూనిట్‌కు అరుగుదల ఐదు రూపాయలు. ఎనిమిదికి నలభై. ఆదాయం ఆరు, వ్యయం నలభై! బ్యాటరీ ఊరకున్నా వయసు మీద కొంత అరుగుతుంది గనుక అంతా దీని మీద వేయరాదు. అయినను రోజువారీ బేరం ఇది కాదు. లైనుకు ఆపద వచ్చిన రోజున, మంచి ధరకు ఇచ్చేదే న్యాయమైన బేరం.

ఇప్పుడు అసలు మాట. ఆ ధర ఎవరికి చేరుతుంది? మనలో అధికులు అద్దె ఇళ్ళలో ఉన్నాము. మీటరు ఇంటి యజమాని పేరున ఉంటుంది. చాలాచోట్ల యూనిట్‌కు ఇంత అని ఆయన నిర్ణయించి వసూలు చేస్తారు. పగటి తగ్గింపు వచ్చినా, తిరిగి ఇచ్చిన కరెంటుకు జమ వచ్చినా, అది మీటరు పేరుగలవారి బిల్లులో పడుతుంది. బ్యాటరీ మనది, అరుగుదల మనది, జమ మరొకరిది! యజమానుల తప్పని మేము అనటం లేదు. పద్దు ఎవరి పేరున ఉంటే జమ వారికే పోవటం సహజం. అందుచేత అద్దె కాగితం వ్రాసుకొనేటప్పుడే రెండు వాక్యాలు చేర్చుకొనవలె. బండి ఛార్జింగుకు వేరే సబ్‌మీటరు ఉండవలె. తగ్గింపుగాని జమగాని వస్తే కరెంటు ఇచ్చినవారికి చెందవలె. నియమాలు తయారయ్యేటప్పుడు విద్యుత్ నియంత్రణ కమిషను వారు ప్రజల అభిప్రాయాలు అడుగుతారు. అప్పుడు అద్దె ఇళ్ళవారి పక్షాన మన సంఘం ఒక విన్నపం పంపితే, తెలుగువారికే గాదు, ఇరుగుపొరుగు తమిళ, కన్నడ కుటుంబాలకు కూడా మేలు.

చివరిగా ఒక హెచ్చరిక. కరెంటు పోయినప్పుడు బండి నుండిగాని ఇన్వర్టరు నుండిగాని తీగ తీసి గోడ ప్లగ్గులో గుచ్చి ఇల్లంతా వెలిగించవచ్చునని కొందరు కుర్రవాళ్ళు అనుకొంటున్నారు. ఎంతమాత్రం చేయవద్దు. ఆ కరెంటు మీటరు దాటి వీధి ట్రాన్స్‌ఫార్మరులో వెనుకకు ఎక్కితే 230 వోల్టులు 11,000 వోల్టులవుతవి. లైను చచ్చినదనుకొని స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది. ఆయనకూ ఇంటి దగ్గర మనవంటి కుటుంబమే ఉన్నది. ఇంటి తీగలను వీధి లైను నుండి పూర్తిగా విడదీసే స్విచ్చి, లైసెన్సుగల ఎలక్ట్రీషియన్, కరెంటు ఆఫీసు అనుమతి — ఈ మూడూ లేనిదే ఇంటి తీగలకు కరెంటు ఎక్కించరాదు. అంతవరకు బండి ఇచ్చే ప్లగ్గుకు ఒక ఫ్యానో, రెండు దీపాలో నేరుగా తగిలించుకొంటే చాలు. రెండు యూనిట్లుంటే తెల్లవార్లూ పిల్లలు హాయిగా నిద్రపోతారు.

అవసరానికి తగిన బ్యాటరీ కొనండి. మీటరు ఎవరి పేరున ఉన్నదో చూచుకోండి. అనుమతి లేనిదే లైనుకు కరెంటు పంపకండి. మేము చెప్పదలచినది ఇంతే. కొత్త సంవత్సరంలో మీ అందరి ఇండ్లలో ఆదాయం హెచ్చి, వ్యయం తగ్గి, దీపం నిలకడగా వెలుగుగాక అని కోరుతూ సెలవు తీసుకొంటున్నాము.