తెలివి ఉంది, ధ్యాస నిలవదు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగం)



ఉర్దూ బడిలో పనిచేసే మాకు ఏటా ఒకరిద్దరు ఇటువంటి పిల్లలు తగులుతారు. వింటే చాలు, సూరాలు కంఠతా వచ్చేస్తాయి. లెక్క నోటితో చెప్పేస్తారు. నాలుగు వాక్యాలు రాయమంటే మాత్రం చెయ్యి సాగదు. ఇంట్లో బద్ధకమంటారు, బడిలో అల్లరంటారు. చివరికి చదువు మాన్పించి మెకానిక్ షెడ్డులో పెడతారు.

"పాడైన సెల్‌ఫోను విప్పుతూ 2 గంటలు కదలడు, వాడికి ధ్యాస లేదంటారేమిటి?" అని తండ్రులు అడుగుతారు. ధ్యాస ఉంది. దాన్ని కావలసిన చోటికి మళ్లించుకోవడమే వాడి చేతిలో లేదు. వైద్యులు దీన్ని ఎ.డి.హెచ్.డి. అంటారు. అయితే ఆ లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలై, కనీసం 6 నెలలు, ఇంట్లోనూ బడిలోనూ కనబడాలి. ఆడపిల్లల్లో తరచు అల్లరి ఉండదు, పరధ్యానమే ఉంటుంది.

చదవడం, రాయడంలో ఇబ్బంది, అంటే డిస్లెక్సియా, వేరే సంగతి. కాని రెండూ ఒకే బిడ్డకు ఉండటం అరుదు కాదు. ఆటిజంతోపాటు ఎ.డి.హెచ్.డి. కూడా ఉందని నిర్ణయించడానికి అమెరికా మనోవైద్యుల ప్రమాణ గ్రంథం 2013లోగాని ఒప్పుకోలేదు. పైగా తెలివి లోపాన్ని కప్పుతుంది, లోపం తెలివిని కప్పుతుంది. బిడ్డ మధ్యరకం మార్కులతో ఎవరి కంటా పడడు.

మన పిల్లలకు ఇంకో చిక్కుంది. బే, పే, తే, సే: ఆకారమొకటే, చుక్కలే తేడా. జబర్, జేర్, పేష్ మామూలు పుస్తకాల్లో వేయరు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, పైచదువుకు ఇంగ్లీషు. కొత్త భాష రాకపోవడాన్ని లోపమనరాదు. నిజమైన ఇబ్బందిని "భాష రాక" అని తోసేయనూ రాదు. ఇంటి భాషలోనూ తడబడుతున్నాడా అన్నది చూడాలి.

ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. తర్వాత కె.జి.హెచ్.కో, చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకో తీసుకువెళ్లండి. పిచ్చి అన్న ముద్ర పడుతుందని జంకవద్దు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం డిస్లెక్సియా వంటి ఇబ్బందులను గుర్తించింది. సర్టిఫికెట్ ఉంటే పరీక్షలో అదనపు సమయం అడగవచ్చు.

ముందు బల్ల, చిన్నచిన్న పనులు, నోటితో జవాబు: ఇవి బడిలో మా వంతు. అన్నతో పోల్చకుండా, వచ్చినదాన్ని మెచ్చుకోవడం మీ వంతు.

మన లోపలి హార్బరుకు ఓడ వచ్చేటప్పుడు పైలట్ ఎక్కుతాడు. ఓడకు శక్తి లేక కాదు, దారి ఇరుకు గనక. ఈ పిల్లల సంగతీ అంతే.